ఇంటి బల్లపై తూటాల తయారీ: అమెరికాలో పొదుపు, భారత్‌లో నేరం

అమెరికాలోని ఐడహో, మోంటానా, టెక్సాస్ వంటి రాష్ట్రాలలో అనేక ఇళ్ల గ్యారేజీలలో కారు పక్కనే ఒక దృఢమైన చెక్క బల్ల కనిపిస్తుంది. ఆ బల్ల అంచుకు బోల్టులతో బిగించిన ఒక ఇనుప యంత్రం, దానికి చేతిబోరు పిడిని తలపించే పొడవాటి పిడి, పక్కన ఒక చిన్న తక్కెడ, గోడకు ఆనించిన అలమరలో మందు డబ్బాలు ఉంటాయి. వారమంతా ఉద్యోగం చేసుకునే గృహస్థు శని, ఆదివారాలలో ఈ బల్ల ముందు కూర్చుని గత వారం కాల్చిన తూటాల ఖాళీ ఇత్తడి గుల్లలను తిరిగి నింపుకుంటాడు. రైఫిల్ తూటాలను ఇంట్లో తయారు చేసుకునే ఈ ప్రక్రియను అక్కడ ‘రీలోడింగ్’ అంటారు. దానికి ఉపయోగించే యంత్రం రీలోడింగ్ ప్రెస్.

సొంత వినియోగానికి తూటాలు నింపుకునే వ్యక్తికి అమెరికా ఫెడరల్ చట్టం ప్రకారం ఎటువంటి లైసెన్సూ అవసరం లేదు. వాటిని విక్రయించే వ్యాపారానికి దిగితే మాత్రం ఉత్పత్తిదారుగా ఫెడరల్ లైసెన్సు తీసుకోవాలి. ఇదే పని భారతదేశంలో అనుమతి లేకుండా చేసినవారికి 2019 నాటి చట్టసవరణ అనంతరం కనీసం ఏడేళ్ల జైలు, గరిష్ఠంగా యావజ్జీవ శిక్ష పడే అవకాశం ఉంది. ఒకే యంత్రం, ఒకే ఇత్తడి గుల్ల. రెండు ప్రజాస్వామ్య దేశాలలో వాటికి ఇంత భిన్నమైన స్థానం లభించడం వెనుక సుదీర్ఘ చరిత్ర ఉంది. ఇటీవలి సంవత్సరాలలో దానికి అంతర్జాతీయ వ్యాపార పరిణామాలు కూడా తోడయ్యాయి.

నాలుగు వస్తువుల కూర్పు

వాడుకలో మనం తూటా అని పిలిచేది ఒక వస్తువు కాదు, నాలుగు వస్తువుల కూర్పు. ఇత్తడితో చేసిన గుల్ల, దాని అడుగున బిగించిన ప్రైమర్ అనే చిన్న లోహపు మూకుడు, గుల్ల లోపలి మందు, మూతిలో అమర్చిన గుండు. ట్రిగ్గరు నొక్కినప్పుడు తుపాకిలోని సూది ప్రైమర్‌ను కొడుతుంది. అందులోని సున్నితమైన రసాయనం నిప్పురవ్వను పుట్టిస్తుంది. మందు మండి వాయువుగా మారి గుండును గొట్టం గుండా నెట్టివేస్తుంది. గుండు పోయింది, మందు కాలిపోయింది, ప్రైమర్ పని ముగిసింది. మిగిలింది గుల్ల ఒక్కటే. ఈ నాలుగింటిలో ఖరీదైన వాటిలో అదొకటి. జాగ్రత్తగా వాడితే రైఫిల్ గుల్ల అయిదు నుంచి పది పర్యాయాల వరకు, కొన్ని సందర్భాలలో అంతకు మించి పనికివస్తుంది. రీలోడింగ్ ఆర్థికశాస్త్రమంతా ఈ ఇత్తడి గుల్ల చుట్టూనే తిరుగుతుంది.

పేలుడు ఒత్తిడికి గుల్ల ఉబ్బి తుపాకి గది గోడలకు అతుక్కుంటుంది. తిరిగి వాడాలంటే ముందు దానిని పూర్వపు కొలతకు తేవాలి. ప్రెస్ చేసే ప్రధానమైన పని ఇదే. యంత్రం పైభాగాన గట్టి ఉక్కుతో చేసిన ‘డై’ అనే అచ్చును మరబిగిస్తారు. కింద ఒక కడ్డీపై గుల్లను నిలబెడతారు. పిడిని కిందికి లాగితే కడ్డీ పైకి లేచి గుల్లను అచ్చులోకి నెడుతుంది. తులాదండ సూత్రం వల్ల మనిషి చేతి బలం అనేక రెట్లవుతుంది. అదే ఊపులో అచ్చు మధ్యనున్న సూది పాత ప్రైమర్‌ను బయటకు తోసివేస్తుంది. పిస్టల్ తూటాల అచ్చులకు కార్బైడ్ వలయాలు ఉంటే నూనె పూయనక్కరలేదు. రైఫిల్ గుల్లలకు మాత్రం కందెన పూయక తప్పదు. పూయడం మరచిన గుల్ల అచ్చులో ఇరుక్కుపోతుంది. ఈ పనిలో చేయి తిరిగినవారెవరికైనా ఆ అనుభవం ఒక్కసారైనా ఎదురయ్యే ఉంటుంది.

తరువాత గుల్ల పొడవును కొలిచి, సాగినంత మేర కత్తిరిస్తారు. కొత్త ప్రైమర్‌ను అమరుస్తారు. మందును తూచి పోస్తారు. చివరగా మరో అచ్చును బిగించి గుండును మూతిలో నిర్ణీత లోతుకు కూర్చోబెడతారు. సాధారణ ప్రెస్‌లో ఒక్కో లాగుడుకు ఒక్కో పని జరుగుతుంది. ‘ప్రోగ్రెసివ్’ అనే ఖరీదైన రకంలో గుండ్రటి పలక తిరుగుతూ ఉంటుంది. పిడిని లాగిన ప్రతిసారీ ఒక పూర్తి తూటా బయటపడుతుంది. అయితే కచ్చితత్వాన్ని కోరే రైఫిల్ క్రీడాకారులు చాలామంది నేటికీ నెమ్మదిగా నడిచే సాధారణ ప్రెస్‌నే ఇష్టపడతారు. అచ్చుల మరచుట్ల కొలత దాదాపు అన్ని కంపెనీలకూ ఒకటే కావడం ఈ పరిశ్రమలోని విశేషం. ఒక కంపెనీ అచ్చు మరో కంపెనీ ప్రెస్‌లో బిగుస్తుంది. తాత వాడిన యంత్రంలో మనవడు నేటి అచ్చును వాడుకోవచ్చు.

గురివింద గింజలో సగం

మందు తూకానికి అమెరికన్లు ఇప్పటికీ ‘గ్రెయిన్’ అనే పాత కొలతనే వాడుతున్నారు. ఒక పౌండులో 7,000 గ్రెయిన్లు. గ్రాములలో చెబితే ఒక గ్రెయిన్ సుమారు 0.065 గ్రాములు. మన కంసాలులు బంగారం తూచడానికి ఒకప్పుడు వాడిన గురివింద గింజ బరువులో అది దాదాపు సగం. ఆ గ్రెయిన్‌లో పదోవంతు వరకు తూచగల తక్కెడ ఈ బల్లపై ఉండాలి. నగిషీ పనివాడికి గింజ తేడా వస్తే నష్టం డబ్బుతో పోతుంది. ఇక్కడ తేడా వస్తే కన్ను పోవచ్చు, చేయి పోవచ్చు.

ఈ ప్రమాదం ఊహాజనితం కాదు. అమెరికాలో వేటకు విరివిగా వాడే థర్టీ ఆట్ సిక్స్ తూటా పేలినప్పుడు గుల్ల లోపల ఏర్పడే పీడనానికి అక్కడి తయారీదారుల సంస్థ విధించిన గరిష్ఠ పరిమితి చదరపు అంగుళానికి 60 వేల పౌండ్లు. కారు టైరులోని గాలి పీడనానికి అది సుమారు రెండు వేల రెట్లు. ఈ మహా పీడనాన్ని నిలువరించేది తుపాకి ఉక్కు, పలుచని ఇత్తడి గోడ మాత్రమే. ఒకే గుల్లలో పొరపాటున రెండుసార్లు మందు పోయడం, నెమ్మదిగా కాలే మందుకు బదులు త్వరగా కాలే మందును వాడడం వంటి పొరపాట్లు తుపాకిని బాంబుగా మార్చగలవు. దీనికి పూర్తిగా విరుద్ధమైన ప్రమాదం మరొకటుంది. మందు పోయడమే మరచిన తూటాలో ప్రైమర్ ఒక్కటే పేలి, గుండు గొట్టం మధ్యలో ఇరుక్కుంటుంది. మామూలుగా వినిపించే పెద్ద శబ్దం రాలేదని గమనించక మరో తూటా కాల్చిన వ్యక్తి గొట్టాన్ని తన చేతిలోనే పగలగొట్టుకున్నవాడవుతాడు.

అందుకే మందు తయారీదారులు, గుండ్ల తయారీదారులు ప్రయోగశాలలో పరీక్షించిన కొలతలను పుస్తకాలుగా ప్రచురిస్తారు. ఏ తుపాకికి, ఏ గుండుకు, ఏ మందు ఎంత అనేది ఆ పట్టికలను బట్టే నిర్ణయించుకోవాలి. పట్టికలోని గరిష్ఠ కొలత నుంచి కాక, దిగువ కొలత నుంచి ఆరంభించాలన్నది ఆ పుస్తకాలన్నీ ముక్తకంఠంతో చేసే హెచ్చరిక. బల్లపై ఒకేసారి రెండు రకాల మందు డబ్బాలు ఉండరాదన్నది మరో నియమం. పాత ప్రైమర్ల మసిలో సీసపు సమ్మేళనాలు ఉంటాయి. కనుక పని ముగిశాక చేతులు కడుక్కోకుండా భోజనానికి కూర్చోవడం కూడా హానికరమే. ఇళ్లలో మందు నిల్వకు అగ్నిమాపక ప్రమాణాలు పరిమితులు విధించాయి. అసలు డబ్బాలలోనే ఉంచితే 20 పౌండ్ల వరకు, అంగుళం మందపు చెక్క పెట్టెలో అయితే 50 పౌండ్ల వరకు అనుమతిస్తారు. ప్రైమర్లయితే పదివేలు.

కొండ ఉడుత పేరున ఒక పరిశ్రమ

గుల్లను తిరిగి నింపడం అమెరికాలో కొత్త సంగతి కాదు. 19వ శతాబ్ది చివరి పాదంలో పశ్చిమ మైదానాలలోని సైనిక శిబిరాలకు ప్రభుత్వ ఆయుధాగారం ఈ పనిముట్లను సరఫరా చేసింది. అభ్యాసానికి అవసరమైన తూటాలను సైనికులు అక్కడే నింపుకునేవారు. అడవి దున్నల వేటగాళ్లకు సమీపంలో దుకాణం లేదు. గుల్లలు పారవేయడమంటే బతుకుతెరువును పారవేయడమే. 1884లో కనెక్టికట్‌లో జాన్ బార్లో స్థాపించిన ఐడియల్ కంపెనీ కత్తెరలాంటి చేతి పనిముట్టుతో పేరు గడించింది. 1925లో లైమన్ సంస్థ దానిని కొనుగోలు చేసింది.

ఈ అభిరుచి పరిశ్రమగా మారింది మాత్రం రెండో ప్రపంచ యుద్ధం పుణ్యమా అనే. యుద్ధకాలంలో వేట తూటాలు దుర్లభమయ్యాయి. కాలిఫోర్నియాలోని ఓరవిల్ పట్టణవాసి ఫ్రెడ్ హంటింగ్టన్ 1943లో పారేసిన చిన్న తూటాల గుల్లలతోనే గుండ్లు చేసే అచ్చును రూపొందించాడు. ‘రాక్ చక్’ అనే ఉడుత జాతి జంతువును వేటాడడానికి ఆ గుండ్లు ఉద్దేశించినవి. ఆ అచ్చు పేరులోని ఆంగ్ల పదాల తొలి అక్షరాలే ఆర్‌సీబీఎస్ అనే వ్యాపార నామమయ్యాయి. ఆ పేరు నేటికీ ఆకుపచ్చ రంగు ప్రెస్‌లపై కనిపిస్తుంది.

యుద్ధం ముగిసేసరికి సైన్యం వద్ద మందు గుట్టలుగా మిగిలిపోయింది. కాన్సాస్ రాష్ట్రానికి చెందిన బ్రూస్ హాడ్జ్‌డన్ తన జీవిత బీమా పాలసీపై అప్పు తెచ్చి 25 టన్నుల మిగులు మందును కొన్నాడు. దానిని నిల్వచేయడానికి ఒక పచ్చికబయలు అద్దెకు తీసుకుని అందులో పాత రైలు పెట్టెను నిలిపాడు. ఇంట్లో కూర్చుని చేసిన ఆ చిల్లర వ్యాపారమే క్రమంగా అమెరికాలోని అతిపెద్ద మందు పంపిణీ సంస్థలలో ఒకటిగా ఎదిగింది. నెబ్రాస్కాలో జాయిస్ హార్నడీ 1949లో గుండ్ల తయారీ ప్రారంభించాడు. విస్కాన్సిన్‌కు చెందిన రిచర్డ్ లీ 1958లో ప్రెస్ కొనే స్తోమత లేనివారి కోసం సుత్తితో కొట్టి నింపుకునే చిన్న సెట్టును మార్కెట్లోకి తెచ్చాడు. వీరెవరూ పెట్టుబడిదారులు కారు. తమ అవసరానికి ఒక పనిముట్టు చేసుకుని, దానినే పొరుగువారికి అమ్మినవారు.

అమెరికాలో ఈ అలవాటు వేళ్లూనడానికి ఒక సాంకేతిక కారణం కూడా ఉంది. 1866 ప్రాంతంలో రెండు రకాల ప్రైమర్లు దాదాపు ఒకేసారి వెలువడ్డాయి. బ్రిటిష్ అధికారి ఎడ్వర్డ్ బాక్సర్ రూపొందించిన రకంలో గుల్ల అడుగున మధ్యలో ఒకే రంధ్రం ఉంటుంది. సూదితో పొడిస్తే పాత ప్రైమర్ ఊడి వస్తుంది. అమెరికన్ అధికారి హైరమ్ బెర్డాన్ రూపొందించిన రకంలో మధ్యన చిన్న దిమ్మె, దానికి ఇరువైపులా రెండు సన్నని రంధ్రాలు ఉంటాయి. దానిని ఊడదీయడం కష్టసాధ్యం. చరిత్ర వక్రగతి ఏమంటే, బ్రిటిష్‌వాడి ప్రైమర్‌ను అమెరికా స్వీకరించింది, అమెరికన్ ప్రైమర్ యూరప్‌కు, బ్రిటిష్ సైన్యపు పాయింట్ త్రీ నాట్ త్రీ తూటాలకు చేరింది. ఫలితంగా అమెరికాలో కాల్చిన గుల్ల తిరిగి నింపుకోదగిన సొత్తు. యూరప్‌లో అది చాలాకాలం పాటు ఎక్కువగా తుక్కు ఇత్తడిగానే మిగిలింది.

పొదుపు ఎంత?

పోటీలకు వాడే నాణ్యమైన రైఫిల్ తూటా ఒకటి ఇటీవలి సంవత్సరాలలో అమెరికా దుకాణాలలో సుమారు రెండు నుంచి రెండున్నర డాలర్లు పలుకుతోంది. పాత గుల్లను వాడుకునేవారికి గుండు, మందు, ప్రైమర్ కలిపి దాదాపు ఒక డాలరుకు అటూ ఇటూ అవుతుంది. ప్రెస్, అచ్చులు, తక్కెడ తదితరాలకు తొలుత కొన్ని వందల డాలర్లు పెట్టుబడి కావాలి. లెక్క ప్రకారం కొన్ని వందల తూటాలతోనే ఆ పెట్టుబడి తిరిగి వచ్చేయాలి. కాని ఆచరణలో ఖర్చు తగ్గినవాడు ఎక్కువ తూటాలు కాలుస్తాడు. నెలాఖరుకు చేతినుంచి పోయే సొమ్ము మాత్రం అంతే ఉంటుంది. ఈ సంగతి రీలోడింగ్ చేసేవారే నవ్వుతూ ఒప్పుకొంటారు. చవక రకం సైనిక తూటాలను పెద్ద ఎత్తున కొనేవారికి ఇంటి తయారీ వల్ల చెప్పుకోదగిన లాభం లేదు. అసలు ఆకర్షణ పొదుపు కన్నా కచ్చితత్వంలో ఉంది. ఫ్యాక్టరీ తూటా ఏ తుపాకిలోనైనా ఇమిడేలా తయారవుతుంది. ఇంటి తూటా మాత్రం ఒకే ఒక్క తుపాకి గొట్టానికి కొలిచి కుట్టిన చొక్కా వంటిది.

ఈ స్వయంసమృద్ధికి కూడా హద్దులున్నాయని గత దశాబ్ది అనుభవాలు నిరూపించాయి. 2012 డిసెంబరులో శాండీ హుక్ పాఠశాలలో జరిగిన కాల్పుల అనంతరం ఆయుధాలపై ఆంక్షలు వస్తాయన్న భయంతో జనం తూటాలతోపాటు ప్రైమర్లు, మందు కూడా ఊడ్చి కొనుక్కుపోయారు. 2020లో కరోనా మహమ్మారి, వీధి అల్లర్లు, అధ్యక్ష ఎన్నికలు ఒకేసారి వచ్చాయి. ఆ సంవత్సరం తుపాకుల కొనుగోలు తదితరాలకు ఫెడరల్ దర్యాప్తు సంస్థ నిర్వహించే నేపథ్య తనిఖీలు దాదాపు 3.97 కోట్లకు చేరాయి. అంతకు మునుపు సుమారు మూడు సెంట్లకు దొరికిన ప్రైమర్ పది సెంట్లకు, ఒక్కోసారి అంతకు మించి పలికింది. చాలాచోట్ల ఏ ధరకూ దొరకలేదు. ఇత్తడి గుల్లను దాచుకోవచ్చు, గుండును కరగిన సీసంతో పోసుకోవచ్చు, మందును కొంతకాలం నిల్వ చేసుకోవచ్చు. ప్రైమర్‌ను మాత్రం ఇంట్లో చేసుకోవడం సాధ్యం కాదు. దెబ్బ తగిలితే పేలడమే దాని గుణం కాబట్టి దాని తయారీ కొద్దిపాటి ఫ్యాక్టరీలకే పరిమితమైంది.

అమెరికాలో ప్రైమర్ల మార్కెట్టును ప్రధానంగా నాలుగు పేర్లు ఏలుతున్నాయి: సీసీఐ, ఫెడరల్, రెమింగ్టన్, వించెస్టర్. 2020లో దివాలా తీసిన రెమింగ్టన్ సంస్థ తూటాల విభాగాన్ని విస్టా అవుట్‌డోర్ 8.14 కోట్ల డాలర్లకు కొన్నది. అప్పటికే సీసీఐ, ఫెడరల్ దాని చేతిలో ఉన్నాయి. 2024 నవంబరులో ఈ తూటాల వ్యాపారమంతా చెక్ దేశానికి చెందిన చెకోస్లోవాక్ గ్రూపు పరమైంది. విలువ 220 కోట్ల డాలర్ల పైమాటే. జాతీయ భద్రతకు ముప్పని కొందరు రిపబ్లికన్ నాయకులు అభ్యంతరం తెలిపినప్పటికీ ప్రభుత్వ పరిశీలనలో అనుమతి లభించింది. ఆయుధ స్వాతంత్ర్యాన్ని జన్మహక్కుగా భావించే అమెరికన్ గృహస్థు తన గ్యారేజీలో బిగించే ప్రైమర్లలో అధిక భాగం నేడు మధ్య యూరప్ యజమాన్యానికి చెందినవి. మందు సంగతీ అంతే. అక్కడ బహుళ ప్రచారంలో ఉన్న కొన్ని రైఫిల్ మందు రకాలు ఆస్ట్రేలియాలోని ముల్వాలా ఫ్యాక్టరీలో తయారై ఓడలలో వస్తాయి.

ఉక్రెయిన్ యుద్ధం ఈ బల్లను కూడా తాకింది. పొగ రాని మందుకు మూలపదార్థం నైట్రోసెల్యులోజ్. పత్తి గింజలను అంటిపెట్టుకుని ఉండే పొట్టి నూగు నుంచి, లేదా కలప గుజ్జు నుంచి దీనిని తీస్తారు. గుంటూరు, ఆదిలాబాద్ జిన్నింగు మిల్లుల చుట్టుపక్కల ఎగిరే నూగుకు అంత విలువ ఉంటుందని మన పత్తి రైతులు ఊహించి ఉండరు. ఫిరంగి గుండ్ల ఉత్పత్తిని యూరప్, అమెరికా పెంచడంతో ఈ ముడిసరుకు కొరత ఏర్పడింది. 2024 ఆరంభంలో అలయంట్ అనే ప్రముఖ అమెరికన్ సంస్థ చిల్లర వినియోగదారులకు మందు పంపిణీని నిలిపివేయవలసి వచ్చింది.

ప్రెస్ కూడా ‘తూటా’యే

భారత చట్టం ఈ వ్యవహారాన్ని పూర్తిగా భిన్నమైన దృష్టితో చూస్తుంది. 1959 నాటి ఆయుధాల చట్టంలోని రెండో సెక్షన్ మందుగుండుకు ఇచ్చిన నిర్వచనం గమనార్హం. తూటా మాత్రమే కాదు, దాని విడిభాగాలు, దానిని తయారుచేసే యంత్రాలు కూడా మందుగుండు కిందకే వస్తాయి. అంటే అమెరికాలో దుకాణంలో కొని కారు డిక్కీలో వేసుకునే రీలోడింగ్ ప్రెస్ మన చట్టం ప్రకారం స్వయంగా మందుగుండే. ఖాళీ గుల్ల, ప్రైమర్, గుండు సంగతి చెప్పనక్కరలేదు. అయిదో సెక్షన్ ప్రకారం వీటి తయారీకి, అమ్మకానికి ప్రత్యేక లైసెన్సు ఉండాలి. తుపాకి లైసెన్సు ఉన్నంత మాత్రాన తూటాలు నింపుకునే హక్కు రాదు. లైసెన్సు పుస్తకంలో రాసిన సంఖ్యకు లోబడి అధీకృత డీలరు వద్ద కొనవలసిందే. అయిదో సెక్షన్‌ను ఉల్లంఘిస్తే 25వ సెక్షన్ కింద శిక్ష పడుతుంది. 2019 డిసెంబరులో పార్లమెంటు ఈ శిక్షను మూడు నుంచి ఏడేళ్ల స్థాయి నుంచి కనీసం ఏడేళ్లకు పెంచింది. యావజ్జీవం వరకు విధించే అధికారం న్యాయస్థానానికి ఇచ్చింది. ఒక వ్యక్తి ఉంచుకోదగిన తుపాకుల సంఖ్యను అదే సవరణ మూడు నుంచి రెండుకు తగ్గించింది.

ఇంత కఠినమైన నిర్వచనం భారత్‌కే ప్రత్యేకం కాదు. అమెరికాలోనే మసాచుసెట్స్ రాష్ట్ర చట్టం ఖాళీ గుల్ల, ప్రైమర్, మందులను సైతం తూటాలుగానే పరిగణిస్తుంది. బ్రిటన్‌లో 2006 నాటి చట్టం తరువాత ప్రైమర్లు కొనేవారు తగిన ధ్రువపత్రం చూపాలి.

ఈ విషయం తెలుగువారికి సుదూరమైనదేమీ కాదు. అమెరికాలో చదువు, ఉద్యోగాల నిమిత్తం స్థిరపడినవారు సెలవు దినాలలో కాల్పుల మైదానాలకు వెళ్లడం, అక్కడి ఖాళీ గుల్లనో తూటానో జ్ఞాపికగా జేబులో వేసుకోవడం సహజం. అదే సంచితో భారత విమానాశ్రయంలో అడుగుపెడితే ఎక్స్‌రే తెరపై అది కనబడుతుంది. తనిఖీ సిబ్బంది పోలీసులకు అప్పగిస్తారు. కేసు నమోదవుతుంది, ప్రయాణం ఆగిపోతుంది. సంచిలో ఒంటరి తూటా దొరికిన పలు కేసులను ఢిల్లీ హైకోర్టు కొట్టివేసిన మాట నిజమే. తన వద్ద ఆ వస్తువు ఉన్నదన్న స్పృహతో ఉంచుకోవడమే నేరమని సుప్రీంకోర్టు గతంలో ఇచ్చిన తీర్పులు, ఇతర భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిల్లర భాగాలకు చట్టంలోని 45వ సెక్షన్ ఇచ్చిన మినహాయింపు అందుకు ఆధారమయ్యాయి. అయితే హైకోర్టు మెట్లెక్కి బయటపడేలోగా వీసా గడువు, ఉద్యోగం, విమాన టికెట్టు ఏమవుతాయో చెప్పలేము. ప్రైమర్లు, మందు అయితే ఆ వాదనకు కూడా తావు లేదు. పేలుడు పదార్థాలను ప్రయాణికుల సామానులో విమానం ఎక్కించడమే నిషిద్ధం.

క్రీడాకారులకు ఇంటి తయారీ అవసరం లేదా అన్న ప్రశ్న తలెత్తడం సహజం. ఒలింపిక్ రైఫిల్ పోటీలలో నేడు వాడేవి రెండే రకాలు: గాలి రైఫిల్ పెల్లెట్లు, పాయింట్ టూటూ తూటాలు. హైదరాబాద్‌కు చెందిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం సాధించింది గాలి రైఫిల్‌తో. 2024 పారిస్‌లో స్వప్నిల్ కుసాలే కాంస్యం పాయింట్ టూటూ రైఫిల్‌తో వచ్చింది. పాయింట్ టూటూ తూటాలో ప్రైమర్ రసాయనం విడిగా కాక గుల్ల అంచు మడతలోనే ఉంటుంది. సూది కొట్టగానే అంచు నలిగిపోతుంది కాబట్టి దానిని తిరిగి నింపే ప్రసక్తి లేదు. పెద్ద రైఫిళ్లతో సాగే 300 మీటర్ల పోటీ 1972 మ్యూనిక్ తరువాత ఒలింపిక్స్ నుంచి తొలగిపోయింది. కాబట్టి ఒలింపిక్ పతకాల వేటలో ప్రెస్‌కు స్థానం లేదు. ఆ చిక్కును ఎదుర్కొనేది పెద్ద రైఫిల్ పోటీలలో పాల్గొనే కొద్దిమంది మాత్రమే.

లైసెన్సుదారుల రైఫిల్ విషయంలో బ్రిటిష్ వారసత్వం నేటికీ వెన్నాడుతోంది. సైన్యం వాడే త్రీ నాట్ త్రీ తూటా పౌరుల చేతికి చిక్కితే తిరుగుబాటుకు ఉపకరిస్తుందని వలస ప్రభుత్వం భయపడింది. ఆ కొలతను పౌరులకు నిషేధించింది. దానికి ప్రత్యామ్నాయంగా పాయింట్ త్రీ వన్ ఫైవ్ అనే వేరే కొలత చలామణీలోకి వచ్చింది. పశ్చిమ బెంగాల్‌లోని ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ స్వాతంత్ర్యానంతరం కూడా అదే కొలతలో వేట రైఫిళ్లు తయారు చేసింది. ఇతర దేశాలలో ఈ కొలత దాదాపు అజ్ఞాతం. దాని తూటాలకు లైసెన్సుదారు ప్రభుత్వ ఫ్యాక్టరీ పైనే ఆధారపడాలి. 1980ల మధ్యలో పౌరులకు తుపాకుల దిగుమతిని నిలిపివేయడంతో ఆ ఆధారం మరింత బిగుసుకుంది.

పుణె సమీపంలోని ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీ 1869 నాటిది. నీలగిరులలోని అరువంకాడు కార్డైట్ ఫ్యాక్టరీ 20వ శతాబ్ది ఆరంభంలో మొదలైంది. 2021 అక్టోబరు 1న ఆయుధ ఫ్యాక్టరీల బోర్డును రద్దుచేసి ఏడు ప్రభుత్వ సంస్థలుగా విడగొట్టినప్పుడు ఈ రెండూ పుణె కేంద్రంగా ఏర్పడిన మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్‌లో చేరాయి. మెదక్ ప్రాంతంలోని ఎద్దుమైలారం ఫ్యాక్టరీ సాయుధ వాహనాల సంస్థ కిందకు వెళ్లింది. అక్కడ తూటాలు తయారు కావు. రక్షణ ఉత్పత్తిలోకి ప్రైవేటు రంగాన్ని 2001లోనే అనుమతించారు. చిన్న తూటాల భారీ ఫ్యాక్టరీ మాత్రం 2024 ఫిబ్రవరిలో గాని రాలేదు. అదానీ సంస్థ కాన్పూర్‌లో ప్రారంభించిన ఆ కేంద్రం తొలుత ఏటా 15 కోట్ల తూటాలు ఉత్పత్తి చేస్తుందని, దేశ అవసరాలలో అది నాలుగోవంతు అని కంపెనీ ప్రకటించింది. అవి ప్రధానంగా సైనిక, పారామిలిటరీ, పోలీసు బలగాలకు ఉద్దేశించినవి.

సరిహద్దుకు ఆవల పెషావర్, కోహాట్ మధ్యనున్న దర్రా ఆదం ఖేల్ పట్టణంలో పరిస్థితి మరోలా ఉంటుంది. అక్కడి వీధి దుకాణాలలో తుపాకులు చేతిపనిగా తయారవుతాయి, కాల్చిన గుల్లలను తిరిగి నింపడమూ జరుగుతుంది. దశాబ్దాల పాటు గిరిజన ప్రాంతపు ప్రత్యేక నిబంధనల నీడలో సాగిన ఈ వ్యాపారం, 2018లో ఆ ప్రాంతాలను ఖైబర్ పఖ్తూన్‌ఖ్వా రాష్ట్రంలో విలీనం చేయడంతో పాకిస్థాన్ సాధారణ చట్టాల పరిధిలోకి వచ్చింది.